అలమండలో భూమి ఆకారం, కంటకాపల్లిలో సిగ్నల్ రంగు

విశాఖపట్నంలో విజయనగరం వైపు వెళ్ళే పాసింజర్ ఎక్కితే, కొత్తవలస దాటాక కంటకాపల్లి, తర్వాత అలమండ, తర్వాత కోరుకొండ వస్తాయి. కొత్తవలస అంటే కిరండూల్ లైను విడిపోయే జంక్షన్. కోరుకొండ అంటే సైనిక్ స్కూలు. కంటకాపల్లి పేరు రోజూ ఆ బండిలో తిరిగేవాళ్ళకి తప్ప ఎవరికీ పెద్దగా తెలీదు, లేదా 2023 దాకా తెలీదు. అలమండ మాత్రం నాలాంటివాళ్ళకి ఊరు కాదు, పుస్తకం. కె.ఎన్.వై. పతంజలి పుట్టిన ఊరు అది. ఆయన గోపాత్రుడు భూమి ఆకారం గురించి తగవు పెట్టుకున్న ఊరు అది.

ఇంజనీరింగ్ చదివేటప్పుడు హాస్టల్లో ‘గోపాత్రుడు’ చదివి, సెలవులకి ఇంటికెళ్తూ ఆ స్టేషన్లో బండి ఆగినప్పుడు కిటికీలోంచి తల బయటపెట్టి చూశాను. పసుపు బోర్డు మీద మూడు భాషల్లో పేరు. బుట్టలు దించుకుంటున్న ఆడవాళ్ళు. గోపాత్రుడు ఎక్కడా కనబడలేదు. బండి కదిలిపోయింది. తర్వాత చాలా ఏళ్ళు అలమండని పుస్తకంగానే గుర్తుపెట్టుకున్నాను.

2023 అక్టోబర్ 29 ఆదివారం రాత్రి టీవీ కింద స్క్రోలింగ్‌లో అలమండ పేరు వచ్చింది. అలమండ, కంటకాపల్లి మధ్య పట్టాల మీద ముందు వెళ్తున్న విశాఖ – పలాస పాసింజర్‌ని వెనక నుంచి వచ్చిన విశాఖ – రాయగడ పాసింజర్ గుద్దేసింది. పక్క లైన్లో గూడ్సు ఉంది. టైము సాయంత్రం ఏడు. 14 మంది చనిపోయారు, దాదాపు యాభై మందికి దెబ్బలు తగిలాయి. రెండు బళ్ళలోనూ ఉన్నది ఎక్కువగా మన రెండు జిల్లాల జనమే. ఆదివారం విశాఖలో పని ముగించుకుని, చుట్టాల్ని చూసుకుని ఇంటికి వెళ్ళేవాళ్ళు. గుద్దిన బండి నడుపుతున్న లోకో పైలట్, ఆయన అసిస్టెంట్ ఇద్దరూ చనిపోయారు.

ఇది ఆ ప్రమాదం గురించిన రిపోర్టు కాదు. ఆ ప్రమాదం గురించి మనం చెప్పుకున్న కథ మీద విమర్శ. ఆ కథ చెప్పినవాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి ఇది రాయడానికి ఇంతకాలం పట్టింది.

ముందు సిగ్నల్ అంటే ఏమిటో మాట్లాడుకోవాలి. సాహిత్య పత్రికలో ఇదేం గోల అనుకోకండి. సిగ్నల్ కూడా ఒక వాక్యమే. ‘ముందు లైను ఖాళీగా ఉంది, నువ్వు రావచ్చు’ అన్న వాక్యం. అది చెప్పేవాడు డ్రైవరుకి కనబడడు. డ్రైవరు దాన్ని సరిచూసుకోలేడు, ఎందుకంటే బండి ఆగడానికి పట్టే దూరం అతని చూపు కంటే ఎక్కువ. నమ్మాలి, అంతే. ప్రపంచంలో ఇంత తక్కువ మాటలతో ఇంతమంది ప్రాణాలు మోసే వాక్యం ఇంకోటి ఉందా అని నాకు అనుమానం.

ఈ వాక్యం మన ప్రాంతానికి వచ్చింది 1890లలో. బెజవాడ నుంచి కటక్ దాకా ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే 1893 – 96 మధ్య పూర్తయింది. ఇక్కడ ఒక చిన్న తేదీల సరదా ఉంది. ‘కన్యాశుల్కం’ విజయనగరంలో మొదటిసారి ఆడింది 1892లో. అచ్చయింది 1897లో. అంటే నాటకం స్టేజీ మీద నుంచి పుస్తకంలోకి వెళ్ళే మధ్యలో ఊళ్ళోకి రైలు వచ్చేసింది. పూర్తిగా తిరగరాసిన రెండో కూర్పు 1909లో వచ్చింది. దాదాపు అప్పుడే విజయనగరం – పార్వతీపురం లైను కూడా తెరిచారు. గురజాడ ఆ అయిదేళ్ళలో స్టేషన్‌కి వెళ్ళి మొదటి బండి చూశాడా, చూస్తే ఏమనుకున్నాడు అన్నది ఊహించుకోవడం నాకు ఇష్టం. బండిబాట మీద మూడ్రోజులు పట్టే ఊరు పూటలో వచ్చేస్తే గిరీశం లాంటివాళ్ళకి అప్పులవాళ్ళ నుంచి తప్పించుకోవడం సులువవుతుందా, కష్టమవుతుందా? నా ఓటు సులువుకే.

1902లో వాల్తేరుకి ఉత్తరాన ఉన్న లైను బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వెళ్ళింది. దక్షిణం ముక్క అంతకు ఏడాది ముందే మద్రాసు రైల్వే పుచ్చుకుంది. ఆ ఒక్క నిర్ణయంతో మన రెండు జిల్లాల జనం పనికోసం చూసే దిక్కు మారింది. బి.ఎన్.ఆర్. వాళ్ళ వర్కుషాపులు ఖరగ్‌పూర్‌లో. ఇక్కడి కుటుంబాలు గుంపులు గుంపులుగా అక్కడికి వెళ్ళాయి. ఇవాళ్టికీ ఖరగ్‌పూర్‌లో తెలుగు పేటలున్నాయి. 1928 బి.ఎన్.ఆర్. సమ్మెకి నాయకత్వం వహించిన వి.వి. గిరిది బరంపురం. చీకాకోల్ రోడ్ అనే స్టేషన్ శ్రీకాకుళం రోడ్ అయింది. అది ఉన్నది మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఆమదాలవలసలోనే, శ్రీకాకుళానికి పన్నెండు పదమూడు కిలోమీటర్ల అవతల. ఊరు ఒకచోట, ఊరి పేరున్న స్టేషన్ ఇంకోచోట. పతంజలి రాసి ఉంటే అతిశయోక్తి అనేవాళ్ళం.

ఇక క్యాబిన్. ఈ లైన్ల మీద పెరిగినవాళ్ళకి ఆ రూపం తెలుసు. స్టేషన్‌కి కాస్త దూరంగా, పట్టాల పక్కన మేడలాంటి చిన్న కట్టడం. పై అంతస్తుకి మూడు వైపులా కిటికీలు. లోపల వరసగా ఇనుప లీవర్లు. ఎరుపు రంగు లీవరు సిగ్నల్‌కి, నలుపు పాయింట్లకి, నీలం తాళాలకి, తెలుపు అయితే దానికి పని లేదు. లీవరు నుంచి తీగ బయల్దేరి, కప్పీల మీదుగా పట్టాల పక్కనే పాకుతూ, ఎక్కడో దూరంగా ఉన్న సిగ్నల్ చేతిని కదుపుతుంది. చెయ్యి అడ్డంగా ఉంటే ఆగు. కిందకి వాలితే రా.

మా మావయ్య, అమ్మకి అన్న, ఇలాంటి క్యాబిన్లలో ఇరవై ఏళ్ళు పైగా పనిచేసి రిటైరయ్యాడు. ‘సిగ్నల్ పడింది’ అన్న మాట గురించి ఆయన్ని ఒకసారి అడిగాను. ఎందుకంటే అది విచిత్రమైన మాట. హైదరాబాద్‌లో, బెంగుళూరులో మనం బండి మీద చౌరస్తా దగ్గరికి వచ్చి ‘అయ్యో సిగ్నల్ పడింది’ అంటే ఎర్ర లైటు వచ్చిందని, ఆగాలని. రైలు స్టేషన్లో ప్లాట్‌ఫారం మీద ‘సిగ్నల్ పడింది’ అంటే బండి వస్తోందని, లేవండని. ఒకే మాటకి రెండు వ్యతిరేకార్థాలు.

“మరి పడతాది కదేటిరా,” అన్నాడు. “చెయ్యి కిందకి పడితేనే బండి. పడకపోతే ఏ బండీ లేదు. మీ రోడ్డు లైట్లకి చెయ్యేదీ, పడడానికి?”

అంతే. లైట్లు వచ్చి ఎన్నేళ్ళయినా రైలు దగ్గర ఆ మాట బతికే ఉంది. ధూమశకటం అని పండితులు పెట్టిన పేరు ఒక్కడూ వాడలేదు. ప్లాట్‌ఫారం మీద కూచున్నవాళ్ళు కళ్ళతో చూసి అన్న మాట ఇంకా ఉంది.

“తీగ తెగిపోతే?” అని అడిగాను. నా వృత్తిలో మొదటి ప్రశ్న అదే కాబట్టి.

“తెగితే చెయ్యి దానంతటదే పైకెళ్ళిపోతాది. బరువు కట్టి ఉంటాది కదా. పాడయిపోతే ఆగిపోవాల. అదే దాని లెక్క. ఎండాకాలం మటుకు తీగ సాగిపోతాది, రెండుమార్లు లాగాల. భుజాలు పడిపోయీవి.”

పాడైతే ఆగిపోవాలి. మేం రాసే సాఫ్ట్‌వేర్‌లో ఈ సూత్రాన్ని ఏదో కొత్తగా కనిపెట్టినట్టు ట్రైనింగుల్లో చెబుతారు. క్యాబిన్ కింద అంతస్తులో ఉండే లాకింగ్ ఇంకా గొప్పది. పాయింట్లు సరిగ్గా పడి తాళం పడకపోతే ఆ దారికి సిగ్నల్ లీవరు కదలనే కదలదు. ఇనుప కడ్డీలు అడ్డుపడతాయి. లీవరు లాగేవాడు తాగి ఉన్నా, నిద్రమత్తులో ఉన్నా, పై అధికారి ఫోన్ చేసి బెదిరించినా అబద్ధం చెప్పడం వీలుకాదు. ఇంగ్లండ్‌లో జాన్ సాక్స్‌బీ 1856లో ఇలాంటి ఏర్పాటుకి పేటెంట్ తీసుకున్నాడు. అబద్ధపు వాక్యం పలకడమే కుదరని వ్యాకరణం ఒకటి తయారుచెయ్యాలని మనుషులు నిజంగా కూచుని ఆలోచించారన్నమాట. భాష మీద పనిచేసేవాళ్ళెవరికైనా అసూయ కలగాలి.

అయితే ఆ వ్యాకరణానికి ఒక హద్దు ఉంది. స్టేషన్ లోపల ఇనుము కాపలా కాస్తుంది. రెండు స్టేషన్ల మధ్య బండి ఉందా, దాటిందా అన్నది మాత్రం చాలాకాలం మనుషులు ఒకరికొకరు చెప్పుకోవలసిందే. ‘లైన్ క్లియర్’ అంటే అదే. అటు స్టేషన్ వాళ్ళు ‘నీ బండి నాకు చేరింది’ అని చెప్పేదాకా ఇటువాళ్ళు ఇంకో బండిని వదలరు. రెండు స్టేషన్ల మధ్య ఒకటే బండి. ఈ నియమం ఊరికే పుట్టలేదు. ఇది పట్టుబట్టడానికి కారణమైన ప్రమాదాల్లో పేరుమోసింది ఇంగ్లండ్‌లో బ్రైటన్ దగ్గర క్లేటన్ సొరంగంలో జరిగింది. 1861 ఆగస్టు 25. అది కూడా ఆదివారమే.

సొరంగానికి రెండు చివర్లా ఇద్దరు సిగ్నల్‌మన్లు. కొద్ది నిమిషాల తేడాతో ఒకదాని వెనక ఒకటి మూడు బళ్ళు వచ్చాయి. మొదటి బండి లోపలికి వెళ్ళాక తనంతట తాను ఆగు చూపించాల్సిన ఆటోమేటిక్ సిగ్నల్ పనిచెయ్యలేదు. సిగ్నల్‌మన్ కంగారుగా ఎర్ర జెండా ఊపాడు. అప్పటికే రెండో బండి సొరంగంలోకి దూరుతోంది. దాని డ్రైవరు జెండా చూశాడా లేదా అన్నది ఇతనికి తెలీదు. అవతలివాడికి టెలిగ్రాఫ్‌లో అడిగాడు, సొరంగం ఖాళీయేనా అని. అవతలివాడు మొదటి బండి బయటికి రావడం చూసి, దాని గురించే అడుగుతున్నాడనుకుని, ఖాళీయే అని చెప్పాడు. ఇతను మూడో బండిని వదిలేశాడు. కానీ రెండో బండి డ్రైవరు జెండా చూశాడు. సొరంగంలో ఆపి, వెనక్కి వస్తున్నాడు. 23 మంది చనిపోయారు. ఆ సిగ్నల్‌మన్ ఆ రోజు ఇరవై నాలుగు గంటల డ్యూటీలో ఉన్నాడు, వారానికి ఒక పూర్తి సెలవు దొరకడం కోసం.

గమనించండి, ఇద్దరిలో ఎవరూ అబద్ధం ఆడలేదు. ‘ఖాళీయే’ అన్నది నిజమే, మొదటి బండి విషయంలో. ప్రశ్న ఒక బండి గురించి, జవాబు ఇంకో బండి గురించి.

అయిదేళ్ళ తర్వాత చార్లెస్ డికెన్స్ ‘ది సిగ్నల్‌మన్’ కథ రాశాడు. సొరంగం పక్కన ఒంటరి క్యాబిన్‌లో పనిచేసే మనిషికి ప్రమాదం ముందు ఒక దెయ్యం కనబడుతుంది. దీని వెనక క్లేటన్ ఉందంటారు. డికెన్స్ తనే 1865లో స్టేపుల్‌హర్స్ట్ రైలు ప్రమాదంలో బతికి బయటపడ్డాడు. చాలామంది దాన్ని మంచి దెయ్యం కథగా చదువుతారు. నాకు అందులో దెయ్యం కంటే ఆ మనిషి బాధే ఎక్కువ పట్టుకుంది. ప్రమాదం వస్తోందని అతనికి తెలుసు, కానీ ఎక్కడ, ఎప్పుడు అన్నది తెలీదు. పై స్టేషన్‌కి ఏమని టెలిగ్రాఫ్ కొట్టాలి? ‘జాగ్రత్త’ అని కొడితే ఎందుకంటారు. కారణం చెప్పలేని హెచ్చరికకి రైల్వేలో విలువ లేదు, ఉద్యోగం పోతుంది. డికెన్స్ కొన్ని పేజీల్లో పట్టుకున్నది ఇదే, తెలిసి కూడా చెప్పే భాష లేకపోవడం.

మన దగ్గర అలాంటి కథ ఉందా? నేను చదివినంతలో లేదు. మన కథల్లో రైలుకి కొదవ లేదు. రైలు పెట్టె, ఎదురు సీటు మనిషి, ప్లాట్‌ఫారం మీద వీడ్కోలు, టీ కేక, ఇవన్నీ బోలెడు. అంతా పాసింజరు కంటితో. క్యాబిన్ కిటికీలోంచి బయటికి చూసిన కథ నాకు దొరకలేదు. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు గారు 1997లో పెట్టిన కథానిలయంలో వెతికితే దొరకొచ్చు, దొరికితే ఎవరైనా చెప్పండి, సంతోషిస్తాను. ఖరగ్‌పూర్‌కి అంతమంది వలస వెళ్ళిన ప్రాంతం, 1974 మే సమ్మెలో అందరితోపాటు ఉద్యోగాలు పణంగా పెట్టిన కుటుంబాలున్న ప్రాంతం, సాహిత్యానికి పేరుపడ్డ ప్రాంతం. రైతు, కూలీ, రాజుగారు, పోలీసు, ప్లీడరు అందరూ కథల్లోకి వచ్చారు. లీవర్ లాగేవాడు రాలేదు. అతను మంచి కథానాయకుడు కాకపోవడానికి కారణం ఉందనుకుంటాను. తన పని సరిగ్గా చేసినన్నాళ్ళూ అతని జీవితంలో ఏమీ జరగదు.

అందుకే, ఏదో జరిగిన రోజున, ఆ మనుషుల గురించి మనకి తయారుగా కథలేమీ లేవు. దొరికిన కథే నమ్మేశాం.

ప్రమాదం జరిగిన కొద్ది గంటల్లోనే రైల్వే వాళ్ళ నోట వచ్చిన మాట ‘మానవ తప్పిదం’. సిగ్నల్ దాటేశారు అని. తర్వాత 2024 మార్చిలో రైల్వే మంత్రి ఒక సంగతి చెప్పారు. గుద్దిన బండి లోకో పైలట్, అసిస్టెంట్ ఫోన్‌లో క్రికెట్ మ్యాచ్ చూస్తూ పరధ్యానంలో ఉన్నారని. మర్నాడు దేశమంతా అదే హెడ్డింగు.

విమర్శకుడిగా ఒప్పుకోవలసిన విషయం ఏమిటంటే, అది చాలా మంచి వివరం. కథలు రాసేవాళ్ళకి తెలుసు, నమ్మించేది వాదన కాదు, వివరం. ఆ సాయంత్రం లక్నోలో నిజంగానే ఇండియా, ఇంగ్లండ్ వరల్డ్ కప్ మ్యాచ్ నడుస్తోంది. టైము సరిపోయింది. ఈ కాలపు జబ్బు ఫోను అని అందరం ముందే ఒప్పుకుని ఉన్నాం. కుర్రాళ్ళు, క్రికెట్ పిచ్చి, బాధ్యతలేనితనం, అన్నీ ఒక్క వివరంలో ఇమిడిపోయాయి. పైగా కాదని చెప్పడానికి ఆ ఇద్దరూ బతికి లేరు. కొత్త రచయితలకి వర్క్‌షాపులో చూపించొచ్చు, నమ్మదగిన వివరం అంటే ఇలా ఉండాలి అని.

నేను నమ్మాను. నమ్మడమే కాదు, ఆఫీసులో లంచ్ టేబుల్ దగ్గర ముగ్గురికి చెప్పాను, మా ఊరి దగ్గరే కదా అన్న గొప్పతో. ‘ఫోను చూస్తూ నడిపారటండీ’ అని తల ఆడించాను. ఆ సాయంత్రం ఏడు గంటలకి మ్యాచ్ చూస్తూ ఉన్నది నేను. సోఫాలో. ఇంగ్లండ్ వికెట్లు టపటపా పడుతుంటే కేకలు పెడుతూ.

కొన్ని నెలల తర్వాత రైల్వే భద్రతా కమిషనర్ విచారణ నివేదికలోని సంగతులు పత్రికల్లో వచ్చాయి. ఆ సమయంలో వాళ్ళు ఫోను వాడిన ఆధారం లేదని. నివేదిక వాళ్ళని నిర్దోషులనలేదు. పాడైన ఆటోమేటిక్ సిగ్నళ్ళు రెండిటిని నియమం ప్రకారం ఆగకుండా, వేగం తగ్గించకుండా దాటారన్నది ఉంది. కానీ సిగ్నళ్ళు పాడై ఉన్నాయన్నదీ ఉంది. క్రికెట్ మాత్రం లేదు. ఈ వార్త లోపలి పేజీలో చిన్నగా వచ్చింది. లంచ్ టేబుల్ దగ్గర ఆ ముగ్గురికీ నేను దీన్ని చెప్పలేదు. ఒకతను ఈలోగా వేరే కంపెనీకి వెళ్ళిపోయాడు.

ఆటోమేటిక్ సిగ్నళ్ళ గురించి రెండు మాటలు. బళ్ళు ఎక్కువై, రెండు స్టేషన్ల మధ్య ఒకటే బండి అన్న పాత నియమం సరిపోక, మధ్యలో కిలోమీటరుకి ఒకటి చొప్పున సిగ్నళ్ళు పెట్టి, ఒకదాని వెనక ఒకటి బళ్ళు వదిలే పద్ధతి తెచ్చారు. వీటికి క్యాబిన్ లేదు, మనిషి లేడు. పట్టాలో పారే కరెంటు మీద బండి చక్రాలు పడితే వెనక సిగ్నల్ ఎర్రగా మారుతుంది. అది పాడైతే మావయ్య చెప్పిన లెక్క ప్రకారమే ఎర్రగా ఉండిపోతుంది. ఇక్కడే తిరకాసు. ఇప్పుడు ఎరుపుకి రెండు అర్థాలు. ‘ముందు బండి ఉంది’ అని ఒకటి. ‘నేను పాడయ్యాను’ అని ఒకటి. డ్రైవరుకి తేడా తెలీదు. అందుకని ఒక నియమం ఉంది. రాత్రి పూట రెండు నిమిషాలు ఆగు, తర్వాత గంటకి పది కిలోమీటర్ల వేగంతో, ముందు ఏదో ఉందనే అనుకుంటూ వెళ్ళు. ఇనుము మోసిన బరువంతా ఆ రెండు నిమిషాల్లో తిరిగి మనిషి మీదకి వచ్చింది. ఆ మనిషి మీద టైముకి చేరాలన్న ఒత్తిడి ఉంటుంది. సిగ్నల్ పాడే కదా అన్న అలవాటూ ఉంటుంది. డ్రైవరు పొరబడితే తనంతట తాను బ్రేకు వేసే కవచ్ అప్పటికి దక్షిణ మధ్య రైల్వేలో 1,465 కిలోమీటర్లకే ఉంది. ఈ లైన్లో లేదు.

మా కంపెనీల్లో సర్వర్ పడిపోతే తర్వాత ఒక మీటింగ్ ఉంటుంది. అందులో ‘ఫలానావాడి తప్పు’ అని రాయకూడదని నియమం. ఒక మనిషి ఒక తప్పు చేస్తే మొత్తం కూలిపోయేలా ఎందుకు కట్టాం అని రాయాలి. ఆచరణలో అందరికీ ఆ ఫలానావాడు ఎవరో తెలిసే ఉంటుంది, అది వేరే సంగతి. కానీ కాగితం మీద ఆ వాక్యం నిషిద్ధం. మా దగ్గర పోయేది డబ్బులు. ప్రాణాలు పోయిన చోట మొదటిరోజే ఆ వాక్యం రాసేశారు.

ఇప్పుడు పతంజలి దగ్గరికి. గోపాత్రుడి తగవు మీకు తెలుసు, భూమి గుండ్రంగా ఉందా, బల్లపరుపుగా ఉందా అని. ఊరు ఊరంతా అందులో పడుతుంది. ‘పిలకతిరుగుడు పువ్వు’లో అది కోర్టుకెక్కుతుంది. దీన్ని మనవాళ్ళు సాధారణంగా రెండు రకాలుగా చదివారు. ఒకటి, పడి పడి నవ్వించే హాస్యం. రెండు, వట్టిపోయిన జమీందారీ దర్పం మీద, కోర్టుల మీద వ్యంగ్యం. రెండూ సరైనవే. నేనూ హాస్టల్లో మొదటి రకంగానే చదివాను, పక్క మంచం వాడు లేచి తిట్టేదాకా నవ్వాను.

2024లో మళ్ళీ చదివినప్పుడు నవ్వు రాలేదని అనను. వచ్చింది. కానీ ఈసారి నా దృష్టి తగవు నడిచే తీరు మీదకి పోయింది. తగవు పెరిగేకొద్దీ భూమి వెనక్కి జరుగుతూ ఉంటుంది. ఎవరి మాట నెగ్గాలన్నది ముందుకొస్తుంది. ఏది నిజం అన్న ప్రశ్న, ఎవడన్నాడు అన్న ప్రశ్నగా మారిపోతుంది. పతంజలి పోలీసుల గురించి ‘ఖాకీవనం’, పత్రికల గురించి ‘పెంపుడు జంతువులు’ రాసిన మనిషి. జీవితమంతా పత్రికల్లో పనిచేసి, చివరికి సాక్షి ఎడిటర్‌గా ఉండగా 2009లో పోయాడు. ఒక మాట హెడ్డింగు ఎలా అవుతుందో, హెడ్డింగు నిజం ఎలా అవుతుందో ఆయనకి రోజూ కళ్ళముందు జరిగిన పని. అలమండ తగవుని కేవలం పల్లెటూరి తిక్కగా చదివితే మనం తప్పించుకుంటాం. ఆ తగవుకి హైదరాబాద్ న్యూస్‌రూముల అనుభవం కూడా ఉందని నా నమ్మకం. అలమండ రాజులకీ మనకీ తేడా ఏమిటంటే, వాళ్ళు కర్రలు పట్టుకున్నారు, మనం ఫార్వర్డ్ బటన్.

ఈ చదువులో ఒక ఇబ్బంది ఉందని నాకే తెలుసు. పతంజలిని ఇలా చదివితే ఆయన నవ్వు బరువెక్కిపోతుంది. ప్రతి హాస్యాన్నీ తత్వం చెయ్యడం అమెచ్యూర్ విమర్శకుల జబ్బు. గోపాత్రుడికి రైల్వే విచారణతో ఏ సంబంధమూ లేదు, ఉత్త ఊరి పేరు కలిసింది అనొచ్చు. కావచ్చు. కానీ రైలు సిగ్నలింగ్ మొత్తం చరిత్ర, లీవర్ల నుంచి కవచ్ దాకా, ‘ఎవడన్నాడు’ అన్న ప్రశ్నని తీసెయ్యడానికి మనుషులు పడ్డ పాటే. రాజుగారన్నా, కూలివాడన్నా లీవరు ఒకేలా కదలాలి, లేదా ఒకేలా కదలకూడదు. అలాంటి లైను పక్కన, ఆ ఊరి పేరు మీదే, నిజం తేలకముందే చనిపోయినవాళ్ళ మీద ఒక కథ అల్లితే, దాన్ని పోల్చడానికి తెలుగులో నాకు దొరికిన కొలబద్ద గోపాత్రుడే.

ఇదే రెండు జిల్లాల్లో పుకారు వల్లే ఒకసారి మనుషులు పోయారు కూడా. 2013 నవంబర్ 2న విజయనగరం దగ్గర గొట్లాంలో, పెట్టెలో మంటలన్న పుకారుకి ఎక్స్‌ప్రెస్ ఆపి దిగినవాళ్ళ మీదకి పక్క లైన్లో పాసింజర్ వచ్చేసింది. మంటలు అన్నవాళ్ళెవరో ఎవరికీ తెలీదు. ఆ లైన్లో సిగ్నళ్ళు ఆ రాత్రి నిజమే చెప్పాయి. రాయగడ నుంచి వచ్చే బండికి దారి ఖాళీగానే ఉంది, జనం దిగేదాకా.

కిందటి సంక్రాంతికి మావయ్యకి ‘గోపాత్రుడు’ ఇచ్చాను. ఆయన పేపరు తప్ప పుస్తకాలు చదివే మనిషి కాదు. అలమండ కథ అని చెబితే తీసుకున్నాడు. ఆ వైపు స్టేషన్లన్నిటి పేర్లూ వరసగా, అటు నుంచి ఇటూ ఇటు నుంచి అటూ చెప్పగలడు ఇప్పటికీ. కంటకాపల్లి గురించి మాత్రం ఆయన దగ్గర ఎత్తను. ఒకసారి ఎత్తితే, “ఆళ్ళిద్దరి పిల్లలూ పేపరు సదువుతారు కదరా” అని లోపలికి వెళ్ళిపోయాడు.

వారం తర్వాత ఫోన్ చేస్తే సగం అయిందన్నాడు. ఎలా ఉంది మావయ్యా అన్నాను.

“బాగుంది. నవ్వొస్తాంది. మీ అత్త తిడతాంది, రేత్తిరి లైటు ఆర్పనీట్లేదని.” కాసేపు ఆగి, “అది సరే గానీ అల్లుడూ, ఇన్ని పేజీలయిపోనాయి, స్టేషన్ ఇంకా రాలేదేటిరా?”